పచ్చలైటు ఎవరి మాట?

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటివైపు చాలా ఊళ్లలో తాగేనీళ్లంటే ప్లాంటు నీళ్లే. కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మార్కాపురం చుట్టుపక్కల ఊళ్లకూ ఆ బాధ ఉంది. అందుకే ఊరి మధ్య ఒక గది, లోపల ఆర్వో యంత్రం, బయట ఒక కుళాయి. నాణెం వేసినా, కార్డు ఆనించినా ఇరవై లీటర్ల క్యాను నిండుతుంది. అక్షరమ్ముక్క రాని అవ్వ కూడా ఎవరినీ బతిమాలకుండా వాడుకోగల యంత్రం అది. నిజంగా గొప్ప సౌకర్యం. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ పోయిందో లేదో మాత్రం అవ్వకు తెలియదు, ప్లాంటు దగ్గర కూచున్న కుర్రాడికీ తెలియదు. రంగు మారదు, వాసన రాదు, నాలుకకు దొరకదు.

వాడటానికి ఇంత తేలికైన వస్తువును జనం దేన్ని చూసి నమ్మాలి? దీనిమీద ఇద్దరి వాదన ఇది. ఒకాయన పొదిలి, కనిగిరి హైస్కూళ్లలో ఫిజికల్ సైన్సు చెప్పి, రిటైరై మార్కాపురంలో ఉంటున్న మాస్టారు. రెండో మనిషి ఆయన మేనకోడలు. గిద్దలూరు పిల్ల, హైదరాబాదులో ఫోన్ యాప్‌లకు తెరలు డిజైన్ చేస్తుంది. ఒక ఊరి ప్లాంటుకు కొత్త యంత్రం పెడుతుంటే, దాని ముందుభాగం ఎట్లా ఉండాలో గీసి మామయ్య ముందు పెట్టింది.

మామయ్య: అంతా బాగుందమ్మాయ్. కార్డు ఆనించే చోట చెయ్యి బొమ్మ వేశావు. క్యాను పెట్టే చోట గుండ్రం గీశావు. చదివే పనే లేదు. ఈ పచ్చలైటు ఒక్కటి తీసెయ్.

మేనకోడలు: అసలు దానికోసమే మిగతాదంతా తగ్గించాను మామయ్యా. పచ్చగా వెలిగితే పట్టుకోవచ్చు, ఎర్రగా వెలిగితే వద్దు. చంకన బిడ్డతో, చేతిలో క్యానుతో వచ్చే మనిషికి ఇంతకన్నా తేలిగ్గా ఎట్లా చెప్తాం?

మామయ్య: దేన్ని కొలిచి వెలుగుతుందది?

మేనకోడలు: టీడీఎస్‌ను. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే పచ్చ, దాటితే ఎరుపు. ఆ 500 నా సొంత లెక్క అనుకోకండి, భారతీయ ప్రమాణాల సంస్థ, అదే బీఐఎస్, తాగునీటి ప్రమాణంలో ఉన్నదే.

మామయ్య: అదే ప్రమాణంలో ఫ్లోరైడ్ ఎంతుండాలన్నారో చూశావా? లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా. వందల్లో కొలిచే టీడీఎస్‌లో ఈ ఒకటీ రెండూ ఎక్కడ కనపడతాయి? ఆ మీటరు నీళ్లగుండా కరెంటు ఎంత తేలిగ్గా పోతుందో చూస్తుంది, అంతే. ఏ లవణం ఎంతుందో దానికి తెలియదు.

మేనకోడలు: తెలియకపోతేనేం? ఆర్వో పొర పనిచేస్తే రెండూ కలిసే తగ్గుతాయి. టీడీఎస్ పడిపోయిందంటే పొర బాగున్నట్టు. పొర బాగుంటే ఫ్లోరైడూ పోయినట్టే.

మామయ్య: పొర దాటొచ్చిన నీళ్లే క్యానులో పడితే నువ్వన్నది నిజం. నీళ్లు మరీ చప్పగా ఉన్నాయనో, వృథా ఎక్కువవుతుందనో కాసిని బోరునీళ్లు కలిపితే? ఇళ్లల్లో బిగించే ఫిల్టర్లలో కొన్నిటికి టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న మర ఉంటుంది. దాని పనే శుద్ధి చేసిన నీళ్లలోకి మామూలు నీళ్లు కొంచెం వదలడం. కాగితం తియ్యి, లెక్క చేద్దాం. బోరునీళ్ల టీడీఎస్ 900, ఫ్లోరైడ్ 4 అనుకో. పొర దాటాక టీడీఎస్ 50, ఫ్లోరైడ్ 0.3 అనుకో. మూడు వంతుల్లో రెండు వంతులు శుద్ధి చేసినవి, ఒక వంతు బోరువి కలిపితే ఎంతొచ్చింది?

మేనకోడలు: టీడీఎస్ 333. ఫ్లోరైడ్ 1.53.

మామయ్య: నీ లైటు నిక్షేపంగా పచ్చగా వెలుగుతుంది. ఫ్లోరైడ్ గీత దాటేసింది. ఆ క్యాను ఎత్తుకుపోయే తల్లికి కావలసింది ఏంది? పిల్లల పళ్లకు గార పట్టకూడదు, పెద్దయ్యాక కీళ్లు బిగుసుకుపోకూడదు. దానిగురించి నీ యంత్రానికి ఏమీ తెలియదు. తెలియని సంగతిని పచ్చరంగులో చెప్తోంది.

ఈ లెక్క చూశాక నేను మాస్టారి పక్షమే. గోడకు టీడీఎస్ అంకె వేలాడదీసిన ప్లాంటు ముందు ఆ అంకెను చూసి నిశ్చింతగా నిలబడటం ఇక నావల్ల కాదు. అయితే మేనకోడలు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు, ఆమె వాదన లొంగాల్సిందీ కాదు.

మేనకోడలు: సరే, ఫ్లోరైడ్‌నే కొలిచే ఎలక్ట్రోడు పెట్టమంటారా? ఉంది. ఖరీదెక్కువ. తెలిసిన ద్రావణాలతో మాటిమాటికీ సరిచూస్తుండాలి. ఊరి ప్లాంటులో ఆ పని ఎవరు చేస్తారు? చెయ్యకపోతే తప్పు అంకె చూపిస్తుంది, అప్పుడు దాన్నీ తీసెయ్యమంటారు. అట్లా తీసేస్తూ పోతే చివరికి మిగిలేది నోరు లేని కుళాయి. ఏ భరోసా ఇవ్వని కుళాయికి డబ్బెందుకు కట్టాలని జనం బోరు దగ్గరికే పోతారు. అది ఊరికే వస్తుంది.

మామయ్య: బోరును నమ్మబట్టే కదమ్మా ఇదంతా. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు, ఉందని రాశారు. ఈ దేశంలో ఆ జబ్బును గుర్తించి రాసిన తొలి రాతల్లో అదొకటి. వాళ్లు చూసింది అప్పటి నెల్లూరు జిల్లా జనాన్ని. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోవే. ప్రకాశం పుట్టింది 1970లో కదా. అంటే సంగతి తెలిసి ఎనభై ఏళ్లు దాటింది. ఊరూరా ఇండియా మార్క్-2 చేతిపంపులు దిగింది ఆ తర్వాతే, డెబ్బైల నుంచి. ఎంత మంచి వస్తువది! చిన్నపిల్లలు కూడా కొట్టగలరు, మోటుగా వాడినా తట్టుకుంటుంది. మూసి ఉన్న బోరు కాబట్టి బావినీళ్ల మురికి లేదు. కలరా, విరేచనాల భయం తగ్గింది. జనం నమ్మారు, నమ్మడానికి కారణముంది. ఆ పంపే లోతు రాళ్లలోని ఫ్లోరైడ్‌నీ పైకి తెచ్చింది. క్రిముల విషయంలో సంపాదించుకున్న నమ్మకం ఫ్లోరైడ్‌కు కూడా చెల్లిపోయింది.

మేనకోడలు: అందులో పంపు తప్పేముంది? మనుషులు అట్లా అనుకున్నారు.

మామయ్య: మనుషులు ఏమనుకుంటారో ముందే ఊహించడమే మా పని అని నువ్వే చెప్తుంటావు కదా. ఇప్పటికీ నీళ్లు కాచి తాగితే ఏ దోషమూ ఉండదనుకునేవాళ్లు ఎంతమంది! కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. నీళ్లు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఒక మంచి అలవాటు మీద పెట్టుకున్న నమ్మకం దానికి సంబంధం లేని చోటికి పాకింది. నీ పచ్చలైటూ అట్లాగే పాకుతుంది.

మేనకోడలు: రంగును మీరు మరీ తీసిపారేస్తున్నారు. బంగ్లాదేశ్ సంగతి చూడండి. అక్కడా డెబ్బైల నుంచి గొట్టపుబావులు దింపారు, మనలాగే క్రిముల భయంతో. తొంభైల్లో వాటిలో ఆర్సెనిక్ బయటపడింది. 2000 నుంచి 2003 దాకా సుమారు 50 లక్షల బావులు పరీక్షించి, పంపులకు రంగులు వేశారు. మంచివాటికి పచ్చ, చెడ్డవాటికి ఎరుపు. చదువు అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు. ఆరైహజార్ అనే చోట చేసిన అధ్యయనంలో, తమ బావి మంచిది కాదని తెలిసినవాళ్లలో దాదాపు 60 శాతం మంది ఏడాదిలోపు వేరే బావికి మారారు. పక్కింటి వాకిట్లోకి వెళ్లి నీళ్లు అడగడం ఎంత మొహమాటమో మీకు తెలుసు. అయినా మారారు. రెండు రంగులు ఎన్నో కుటుంబాలను విషం నుంచి పక్కకు జరిపాయి.

మామయ్య: నిజమే. ఆ రంగు ఆర్సెనిక్‌ను పరీక్షించి వేసింది కాబట్టి పనిచేసింది. టీడీఎస్ చూసి వేసి ఉంటే? పైగా తర్వాత ఏమైందో చూడు. పెయింటు ఏళ్ల తరబడి నిలవదు, వెలిసిపోయింది. కొత్తగా దింపిన బావుల్లో చాలావాటికి పరీక్షే లేదు. రంగు వెలిసిన పంపూ, అసలు రంగు వెయ్యని పంపూ చూడటానికి ఒకేలా ఉంటాయి.

మేనకోడలు: మీకు కళ్లెదుట జరిగే పద్ధతే కావాలంటే అదీ మన తెలుగు ఊరి పేరుతోనే ఉంది, నల్లగొండ పద్ధతి. నాగపూర్ నీరి సంస్థ శాస్త్రజ్ఞులు తయారుచేశారు. బకెట్లో పటిక, సున్నం వేసి కలిపితే తెట్టె కట్టి అడుక్కి దిగుతుంది, పైనీళ్లు వంచుకోవాలి. దాపరికం లేదు, అంతా కనపడుతుంది. మరి ఎన్ని ఇళ్లల్లో నిలిచింది? నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో, క్షారత ఎంతుందో చూసుకుని పటిక మోతాదు మార్చాలి. రోజూ కలపాలి, ఆగాలి, తెట్టె పారబోయాలి. కళ్లకు కనపడే పనంతా చేతులతో చెయ్యాల్సి వచ్చింది మామయ్యా. ఆ చేతులు ఆడవాళ్లవి. కూలికి పోయే మనిషి పొద్దున్నే పటిక తూచుకుంటూ కూచుంటుందా? హైదరాబాదులో కుళాయి తిప్పేవాడు క్లోరిన్ ఎంతుందని ఎవర్నీ అడగడు. ఇక్కడి ఆడమనిషి మాత్రం తాగే ప్రతి గుక్కకూ తనే పరీక్ష చేసుకోవాలా?

పారదర్శకత కావాలని అడగడం తేలిక. దానికయ్యే శ్రమ ఎవరి ఒంటిమీద పడుతుందో అడిగినవాళ్లు తరచు మర్చిపోతారు. సులువుగా వాడుకునేట్టు చెయ్యడమంటే పేదవాళ్ల గంటలు వాళ్లకు తిరిగివ్వడం. ఈ విషయంలో మేనకోడలి మాటను ఎవరూ పక్కన పెట్టలేరు. మాస్టారూ పెట్టలేదు.

మామయ్య: ఆమె చెయ్యక్కర్లేదు. నువ్వన్న హైదరాబాదు మనిషి అడగకపోవడానికి కారణం, అతని బదులు అడిగే పని ఇంకెవరికో ఉద్యోగం. మన ఊరి ప్లాంటును ఒకరు కట్టిస్తారు, ఇంకొకరు నడుపుతారు, పొర మార్చే మనిషి వేరే ఊరినుంచి వస్తాడు. ఆమె బదులు ఎవరు చూస్తున్నారో, ఎప్పుడు చూశారో కనపడితే చాలు. ఆ కనపడే చోటును నువ్వు పచ్చలైటుతో మూసేశావు.

మేనకోడలు: ప్రభుత్వం పేరుంటే చాలదా? 2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల పథకం మొదలుపెట్టి 20 లీటర్లు 2 రూపాయలకే అన్నప్పుడు జనం క్యూ కట్టారు. బోర్డును నమ్మారు, ధరను నమ్మారు.

మామయ్య: బోర్డు ఎవరి బాధ్యతో చెప్తుంది, మంచిదే. పొర అరిగిన సంగతి బోర్డుకు తెలియదు. నదినీళ్ల సంగతి చూడు, వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం వెనక నుంచి 18.8 కిలోమీటర్ల సొరంగాలు తవ్వారు. ఆ కృష్ణ నీళ్లు మన ఊళ్లకు పారేరోజు కోసం ఎదురుచూస్తూ మన పిల్లల ఎముకల్ని ఒక పల్చటి పొరకు అప్పజెప్పాం. అందుకే ఇంత పట్టుపడుతున్నాను.

మేనకోడలు: అయితే మీరే చెప్పండి, లైటు తీసేసిన చోట ఏం పెట్టమంటారు?

మామయ్య: ఒక పలక బిగించు. మార్కాపురంలో పలకకు కరువా? ఒకప్పుడు ఎక్కడెక్కడి బడిపిల్లల చేతుల్లోనో ఉన్నది ఈ రాయే. దానిమీద బలపంతో మూడు సంగతులు రాయాలి. ఫ్లోరైడ్ ఎంత, ఏ తేదీన చూశారు, ఎవరు చూశారు.

మేనకోడలు: తెరమీద పెద్ద అక్షరాల్లో చూపిస్తాను కదా, పలక దేనికి?

మామయ్య: తెరమీద అంకె నిన్నటిదైనా, నిరుటిదైనా అంతే మెరుస్తూ ఉంటుంది. పెయింటుతో రాసినా అంతే. బలపం రాతను చెయ్యి తగిలినా, జల్లు కొట్టినా చెరిపేస్తుంది. మళ్లీ రాయక తప్పదు. రాయకపోతే ఖాళీ పలక అందరికీ కనపడుతుంది.

మేనకోడలు: పరీక్ష చెయ్యకుండానే తేదీ మార్చి రాస్తే?

మామయ్య: పొద్దున నీళ్లు పట్టుకునే వేళ అందరి ముందూ చెయ్యాలి. 2019లో జల్ జీవన్ మిషన్ మొదలైనప్పుడు ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు కిట్టుతో నీళ్లు పరీక్షించడం నేర్పాలని పెట్టారు. ఫ్లోరైడ్ పరీక్ష అంత కష్టమైంది కూడా కాదు. కొలిచిన నీళ్లలో మందు చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ లేనప్పుడు గులాబీ రంగు. పెరిగేకొద్దీ పసుపువైపు తిరుగుతుంది. పక్కనే అట్టమీద రంగులుంటాయి, పోల్చి చూసుకోవడమే. రంగులంటే నీకు ఇష్టం కదా, ఇది ఫ్లోరైడ్ చెప్పే రంగు.

మేనకోడలు: 1కీ 1.5కీ మధ్య రంగు ఏ వెలుతురులో ఎట్లా కనపడుతుందో నేను పందెం కాయను. ఒకరికి నారింజ, ఇంకొకరికి పసుపు. నా పనిలో రోజూ చూస్తుంటాను.

మామయ్య: అనుమానం వస్తే సీసా నింపి గ్రామీణ నీటి సరఫరా శాఖ, అదే ఆర్‌డబ్ల్యూఎస్, ప్రయోగశాలకు పంపాలి. అనుమానం వచ్చిందని కూడా పలకమీద రాయాలి.

మేనకోడలు: రాస్తారనుకోను. నా దగ్గర ఇంకా గట్టి దారి ఉంది. నెలకోసారి పరీక్ష అంకె ఎక్కించాలి. ఎక్కించకపోతే యంత్రం దానంతటదే ఆగిపోతుంది. ఎవరి మంచితనం మీదా ఆధారపడక్కర్లేదు.

మామయ్య: మే నెలలో ఆగిందనుకో. ఆ రోజు ఆ ఊరు ఏం తాగుతుంది? 4 మిల్లీగ్రాముల బోరు తాగుతుంది. నీ యంత్రం శుభ్రంగా తన మాట నిలబెట్టుకుంటుంది, జనం మాత్రం అంతకన్నా చెడ్డ నీళ్లకు పోతారు. ఆపకు. డబ్బు తీసుకోవడం ఆపెయ్. పరీక్ష జరిగేదాకా ఊరికే పోస్తుంది. అప్పుడు నడిపేవాడు పరిగెత్తుకుంటూ పరీక్ష చేయిస్తాడు.

మేనకోడలు: లేదా ఆ కిట్టు కనపడకుండా పోవాలని ఊరంతా కోరుకుంటుంది! ఉచితంగా వచ్చే నీళ్లను పోగొట్టుకోవడానికి ఎవరు పరీక్ష అడుగుతారు? నడిపేవాడు షట్టరు దించి పోతే మళ్లీ బోరే కదా. ముందు వారం రోజులు పలక మీదా, తెరమీదా "పరీక్ష కాలేదు" అని చూపిద్దాం. సగం ధరే తీసుకుందాం. ఆ వారం కూడా దాటితే పంచాయతీ కార్యదర్శి ఫోనుకు, ఆర్‌డబ్ల్యూఎస్ ఇంజనీరు ఫోనుకు కబురు పోతుంది. నీళ్లు ఆగవు.

మామయ్య: ఇది కొంచెం నయం. ఆ కబురు పోయిన సంగతి కూడా పలకమీద ఉండాలి. ఎవరికి చెప్పామో ఊరికి తెలియాలి.

మేనకోడలు: పచ్చలైటు తీసేస్తాను. కార్డు తగిలిందని చెప్పడానికి ఒక తెల్లలైటు ఉంచుతాను, దానికి మించి అది ఏమీ చెప్పదు. కాని మామయ్యా, మీరు ఒక సంగతి చూడట్లేదు. రోడ్డుకు అవతల ఇంకో ప్లాంటు ఉంటుంది. దానికి పచ్చలైటు ఉంటుంది, గోడమీద జలపాతం బొమ్మ ఉంటుంది, "నూటికి నూరు శాతం స్వచ్ఛం" అని ఉంటుంది. మన ప్లాంటు గోడమీద పలక, దానిమీద 0.9, ఒక తేదీ. అవ్వ ఎటు పోతుంది? ఉన్నది ఉన్నట్టు చెప్పిన యంత్రాన్ని వదిలేసి, గొప్పలు చెప్పుకునే యంత్రం దగ్గరికే పోతుంది. నేను ఇట్లాంటివి ఎన్నో చూశాను. ఇదే నా అసలు భయం.

ఈ భయానికి తేలికైన జవాబు లేదు. నిజాయితీగా చేసిన డిజైనుకు ఎదురుపడే కష్టాల్లో ఇంతకన్నా పెద్దది నాకు కనపడలేదు. ఎక్కువ మాట ఇచ్చేవాడికి మొదటిరోజు గిరాకీ ఉంటుంది. తక్కువ మాట ఇచ్చి నిలబెట్టుకునేవాణ్ణి గుర్తించడానికి ఏళ్లు పడుతుంది. ఫ్లోరైడ్ విషయంలో ఆ ఏళ్లు పిల్లల ఒంట్లోనే గడుస్తాయి, ఎనిమిదేళ్ల లోపు పళ్లకు పట్టిన గార మళ్లీ పోదు. అందువల్ల జనమే మెల్లగా తెలుసుకుంటారులే అని వదిలెయ్యడం నాకు సమ్మతం కాదు.

మామయ్య: అయితే రోడ్డు దాటి వెళ్లి వాళ్ల నీళ్లు కూడా పట్టుకొద్దాం. డబ్బిచ్చి కొన్న నీళ్లేగా, ఎవరికీ అభ్యంతరం ఉండదు. మన క్యానులోవి ఒక గాజు గొట్టంలో, వాళ్లవి ఒక దాంట్లో, ఊరి బోరువి మూడో దాంట్లో. సంతరోజున అందరి ముందూ చుక్కలు వేద్దాం.

మేనకోడలు: వాళ్లవే గులాబీ రంగులో ఉండి, మనవి పసుపుకు తిరిగితే?

మామయ్య: తిరిగితే తిరగనియ్. అది కూడా పలకమీద రాద్దాం, పొర మారేదాకా అవతలి ప్లాంటుకే పొమ్మని చెప్దాం.

మేనకోడలు: నడిపేవాడు ఒప్పుకోడు.

మామయ్య: ఒప్పుకుంటేనే ఈ డిజైను ఇస్తానని ముందే చెప్పు. అది నీ చేతిలో ఉన్న పని. కిట్టు సంగతి నేను చూసుకుంటాను. ఆ ఐదుగురిలో ఒకమ్మాయి నా దగ్గర చదువుకున్నదే. మందు సీసా మీద గడువు తేదీ ఉంటుంది. దాటిపోయిన మందైతే రంగు సరిగ్గా చూపదు. కొత్త సీసా వచ్చిందో లేదో రేపే కనుక్కుంటాను.